మూగజీవి తుదిబాధ – మన ధర్మము

పశువు ఆరోగ్యముగా నున్నంతకాలము దానికి మేత వేయుట, నీరు పెట్టుట, రోగము వచ్చినప్పుడు మందిప్పించుట మన విధులని యెల్లరు నొప్పుకొందురు. కాని బ్రతుకు ఆశ యేమాత్రమును లేక, సహింపరాని బాధతో కొట్టుకొనుచున్న పశువు నెడల మన విధి యేమి? ఈ ప్రశ్నకు మన గ్రామములందు సమాధానము లేదు. సమాధానము లేకపోవుటవలన నేమి జరుగుచున్నదో అందరు నెరుగుదురు, ఎవరును మాటలాడరు. ఎరువులను గూర్చి, విత్తనములను గూర్చి, ఋణముల వాయిదాలను గూర్చి వ్రాయువారు మన పత్రికకు కొదువలేరు. ఈ యప్రియమైన విషయమును గూర్చియు నెవరో యొకరు వ్రాయవలెను గదా యని నేను సాహసించుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను మా సంఘమునకు కార్యదర్శిగా నుండగా జరిగిన సంగతిని ముందుగా మనవి చేసెదను. మా గ్రామమున నొక వృద్ధ వితంతువు సంఘమునుండి ఋణము తీసికొని యొక పాడిగేదెను కొనెను. దానికి బీమా చేయించితిమి, చెవికి ట్యాగు వేయించితిమి. రెండవ యీత ఈని రెండు మాసములు గడచినవి. ఒకనాటి సాయంకాలము మేతనుండి మరలివచ్చుచు రోడ్డు దాటుచుండగా నొక లారీ తగిలి, దాని వెనుకకాలి తొడయెముక విరిగి చర్మమును చీల్చుకొని బయటికి వచ్చెను. లారీ ఆగలేదు. పదిమందిమి కూడి గేదెను త్రాళ్లతో రోడ్డుప్రక్కకు ఈడ్చితిమి. ఆ యీడ్చుటయే తప్పని అప్పుడు మాకు తెలియదు.

మరునాటి యుదయమున పశువైద్యుడు వచ్చి చూచి, ఇంత బరువుగల పశువునకు తొడయెముక ఈ రీతిగా విరిగినచో అతుకుట కల్లయనియు, మత్తుమందుతో శాంతముగా ప్రాణము విడువజేయుటయే దయ యనియు చెప్పెను. ఆ వృద్ధురాలు నా ముఖము చూచి, "నాయనా, మనమే చంపించినామని బీమావారు పేచీ పెట్టరు గదా? అప్పెట్లు తీరును?" అని యడిగెను. నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, "బీమావారు వచ్చి చూచువరకు ఏమియు చేయవద్దు, పిన్నమ్మా" అంటిని. చుట్టును చేరినవారిలో నొకరు పాతకమనిరి, మరియొకరు దాని కర్మమనిరి. వైద్యుడు నొప్పి తగ్గుటకు సూదిమందు వేసి, మరియొక గ్రామమునకు పిలుపు రాగా వెడలిపోయెను.

బీమావారు మూడవనాటికి గాని రాలేదు. ఆ మూడు దినములును గేదె రోడ్డుప్రక్కనే యుండెను. పగలు కాకులు, రాత్రి కుక్కలు. ఆ తల్లి చేత వేపమండ పట్టుకొని దానిచెంతనే కూర్చుండెను. పాకలో దూడ అరచినప్పుడెల్ల గేదె లేవబోయి కూలబడుచుండెను. గాయమున పురుగులు పడెను. మూడవనాటి వేకువజామున అది చచ్చెను. తరువాత బీమాసొమ్ము వచ్చెను, ఋణము తీరెను. సంఘపు పుస్తకములలో ఆ ఖాతా సక్రమముగా మూయబడినది. కాని ఆమె నాతో, "సొమ్ము ముట్టినది గాని నాయనా, అది నన్ను చూచిన చూపు మరువలేకున్నాను" అని యనెను.

తరువాత నేను ఆ బీమాపత్రమును మొదటినుండి తుదివరకు చదివించుకొంటిని. బుద్ధిపూర్వకముగా పశువును చంపినచో సొమ్ము చెల్లదని యందున్నమాట నిజమే. కాని ఆ వాక్యముననే, నయముకాని బాధను దయతో తొలగించుటకై చంపుట యవసరమని అర్హతగల పశువైద్యుడు ధ్రువపత్రమిచ్చినచో ఆ నిషేధము వర్తింపదని స్పష్టముగా నున్నది. ఆ పత్రము ఆ మూడు దినములును మా సంఘపు బీరువాలోనే యుండెను. ఆ గేదె పడిన బాధకు లారీవాడు కారణమైనది ఒక్కక్షణమునకు. మూడుదినములకు కారణమైనది నా యజ్ఞానము.

ఇక ధర్మవిచారము. మనలో అనేకులు ప్రాణము పోయలేనివానికి ప్రాణము తీయు నధికారము లేదందురు. ఈ మాటను నేను తేలికగా త్రోసివేయను. గోవును తల్లిగా భావించు దేశమిది, మనతో దుక్కి దున్నిన యెద్దును ఇంటివానిగా నెంచు రైతులము మనము. అయినను ఈ సందేహమునే యెదుర్కొనిన యొక మహాపురుషుని సంగతి మనకు మార్గదర్శకము కాగలదు. 1928వ సంవత్సరమున సబర్మతి ఆశ్రమమున నొక దూడ అవయవములు చెడి, తనంతట ప్రక్కకు దొర్లుటకైన శక్తిలేక, నిలువెల్ల బాధతో నుండెను. వైద్యుడు నయముకాదని తేల్చెను. గాంధీమహాత్ముడు ఆశ్రమవాసులతో చర్చించెను. ప్రాణము తీయు హక్కు మనకు లేదని వాదించినవారు అచ్చటను ఉండిరి. తుదకు తన యెదుటనే వైద్యునిచేత సూదిమందు వేయించి ఆ దూడకు బాధావిముక్తి కలిగించెను. ఆ సంగతిని దాచక తన పత్రికలలో వ్రాసెను. దేశము నలుమూలలనుండి కోపముతో లేఖలు వచ్చెను. ఆయన తన నిర్ణయమును విడువలేదు. స్వలాభముకొరకు గాని కోపముతో గాని ప్రాణము తీయుట హింస యనియు, కేవలము ఆ ప్రాణియొక్క శాంతికొరకే, వేరు మార్గము లేనప్పుడు తీయుట అహింసకు విరుద్ధము కాదనియు ఆయన వాదము.

ఇది యందరికి సమ్మతము కాకపోవచ్చును. సమ్మతింపనివారిని నేను నిందింపను. కాని వారి నొకమాట అడిగెదను. చంపుట పాపమని చెప్పి యింటికి వెడలిపోయినంతమాత్రమున మన విధి తీరునా? చంపననువాడు సేవ చేయవలెను. రాత్రింబవళ్లు దానిచెంత నుండి, నీరు త్రాగించి, ప్రక్కలు మార్చి, పుండ్లు కడిగి, నొప్పిమందు వేయించి, కాకులను కుక్కలను తోలవలెను. అట్లు చేయువానియెదుట నేను చేతులు జోడించెదను. అట్లు చేయక, చంపుటయు చేయక, ఊరిబయట విడిచి వచ్చువాడు పాపమునుండి తప్పించుకొనలేదు, దానిని చూడకుండ మాత్రము తప్పించుకొనెను.

రెండవవైపు నున్న ప్రమాదమును కూడ నేను మరువలేదు. దయ యను పేరుతో భారము వదలించుకొనుట మనుష్యునకు సులభము. ముసలి యెద్దు, వట్టిపోయిన ఆవు, అక్కరలేని దున్నపోతు దూడ – ఇవి బాధపడుచున్న పశువులు కావు, మనకు బరువైన పశువులు. వాని పోషణ వేరు సమస్య. ఈ వ్యాసమునకు దానితో సంబంధము లేదు. ఖర్చు తప్పించుకొనుటకై చేయించు సూదిమందు దయ కాజాలదు. కావుననే నిర్ణయము రైతుదొక్కనిదే కాగూడదు, పశువైద్యుని పరీక్ష తప్పనిసరిగా నుండవలెను.

పడిపోయిన పశువెల్ల చావవలసినదనుకొనుట పెద్ద పొరపాటు. ఈనిన తరువాత రెండుమూడు దినములలోపల పాడిపశువు కూలబడి, మెడను డొక్కవైపునకు త్రిప్పుకొని, చెవులు చల్లబడి, స్మారకము తప్పినట్లుండిన, అది చాలవరకు పాలజ్వరము. రక్తములో కాల్షియము తగ్గుటవలన వచ్చు జబ్బిది. వైద్యుడు కాల్షియమును నరములోనికి ఎక్కించినచో, చచ్చినదనుకొన్న పశువు కొన్నిగంటలలో లేచి మేతమేయుట పలువురు చూచియున్నారు. దూడకు ముంగాలి క్రిందియెముక విరిగినచో కట్టుకట్టి బాగుచేయవచ్చును. గొడ్డలిదెబ్బవంటి గాయమైనను శుభ్రముగా కుట్టిన మానవచ్చును. కనుక తొందరపాటు కూడదు.

మరి యే స్థితులలో ఆశ వదలుకొనవలెను? ఎదిగిన పశువునకు తొడయెముక గాని, జబ్బయెముక గాని విరిగి చర్మమును చీల్చుకొని వచ్చుట, వెన్నెముక విరిగి నడుము చచ్చుబడుట, గడ్డివాము, పాక తగులబడినప్పుడు శరీరము చాలభాగము లోతుగా కాలుట, పొట్ట చీలి ప్రేగులు బయటపడి మట్టిలో పొర్లి చిరిగిపోవుట – ఇట్టివానిలో సామాన్యముగా వైద్యమునకు ఫలము లేదు. పిచ్చికుక్క కరచిన పశువునకు వెర్రిలక్షణములు కనిపించిన పిదప మందే లేదు. అట్టిదాని నోట చేయిపెట్టరాదు, దాని పాలు త్రాగరాదు. చొంగ తగిలినవారు ఆ చోటును సబ్బుతో పదునైదు నిమిషములు కడిగికొని, వెంటనే ఆసుపత్రికి పోయి టీకాలు వేయించుకొనవలెను.

వైద్యుని మూడుప్రశ్నలు అడుగుడు. ఇది నయమగునా? నయమగువరకు దీని నొప్పిని అదుపులో నుంచగలమా? అందుకు కావలసిన సేవను నేను నా యింట చేయగలనా? మొదటి రెండింటికి సమాధానము వైద్యునిది, మూడవది రైతుది. మూడింటికిని లేదనియే సమాధానము వచ్చినచో ఆలస్యము చేయుట క్రూరత్వమే. మొదటి రెండింటికి ఔననియు మూడవదానికి మాత్రము కాదనియు వచ్చినచో, అచ్చట పశువునకు కావలసినది సూదిమందు కాదు, రైతునకు పదిమంది సహాయము.

వైద్యుడు వచ్చువరకు చేయదగినవి కొన్ని కలవు. పశువును త్రాళ్లతోగాని, ట్రాక్టరునకు కట్టిగాని ఈడ్వరాదు. కదల్పక తప్పనప్పుడు దళసరి పట్టామీదనో, బల్లతలుపుమీదనో ఎక్కించి మోయవలెను. నెమరువేయు జంతువు ఒక ప్రక్కకు బొత్తిగా వాలి పండుకొన్నచో కడుపుబ్బి ఊపిరాడదు. అందుచేత ఱొమ్ముమీద కూర్చుండునట్లు చేసి, ఇరువైపుల గడ్డి కూరిన గోనెలు ఆనింపవలెను. క్రింద దట్టముగా ఎండుగడ్డి పరచి, కొద్ది గంటలకొకసారి ప్రక్క మార్చవలెను. లేనియెడల శరీరపు బరువుకే అడుగునున్న కండలు చచ్చును. రక్తము కారుచున్న చోట శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టవలెను. నీడ కల్పింపవలెను. తనంతట త్రాగిననే నీరు పెట్టవలెను. మ్రింగలేని పశువునకు గొట్టముతో కషాయములు పోసినచో అవి ఊపిరితిత్తులలోనికి పోయి దానినే చంపును. తమాషా చూచువారిని దూరముగా పంపివేయవలెను.

శాంతమరణమెట్లు కలుగునో తెలియక భయపడువారు కలరు. విధానము స్థూలముగా నిట్టిది. వైద్యుడు మొదట పశువు శాంతించుటకు మందు వేయును. పిదప మెడనరములోనికి మత్తుమందును అధికమోతాదులో ఎక్కించును. క్షణములలో తెలివి తప్పును, ఆ తరువాతనే ఊపిరియు, గుండెయు ఆగును. తెలివి ముందు పోవుట, ప్రాణము తరువాత పోవుట – ఇదియే ఈ పద్ధతికి జీవము. తెలివి పోయినపిదప ఒకటి రెండుమారులు ఎగశ్వాస వచ్చినను, కండలు అదిరినను అది బాధకు గుర్తు కాదు. కంటిగ్రుడ్డును తాకినను రెప్ప కదలక, ఊపిరి లేక, గుండెచప్పుడు కొన్ని నిమిషములవరకు వినబడకున్నప్పుడే మరణము నిశ్చయము. వైద్యుడు దానిని పరీక్షించి చెప్పువరకు గోతిదగ్గరకు కదల్పరాదు. పురుగుమందు త్రాగించుట, మత్తు లేకుండనే ఏదో మందు నరమునకెక్కించుట, కొనయూపిరితో నుండగనే పూడ్చుట – ఇవి హింసలు, ఇవి శిక్షార్హములు కూడ.

శాసనములను గూర్చి రెండు మాటలు. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ శాసనములో 13వ సెక్షను బాధపడుచున్న జంతువుల విముక్తిని గూర్చియే యున్నది. తీవ్రముగా గాయపడి, హింస లేకుండ కదల్పవీలులేని పశువు కనబడినప్పుడు, యజమాని లేకున్నను, ఒప్పుకొనకున్నను, కానిస్టేబులుకు పైహోదా గల పోలీసు అధికారి ఆ ప్రాంతపు పశువైద్యాధికారిని పిలిపింపవచ్చును. బ్రతికించియుంచుట క్రూరమని వైద్యాధికారి ధ్రువపరచినచో, మేజిస్ట్రేటు ఉత్తరువు పొంది దానిని బాధావిముక్తము చేయింపవచ్చును. రోడ్లమీద వాహనములు తగిలి పడియుండు దిక్కులేని పశువుల విషయమున ఈ సెక్షను ఉపయోగకరము. ఇదిగాక, ఆవులు, దూడల విషయమున 1977వ సంవత్సరపు గోవధ నిషేధ, పశుసంరక్షణ శాసనము కలదు. కావున పశువైద్యాధికారి వ్రాతమూలకమైన ధ్రువపత్రము లేనిదే యెవ్వరును ముందడుగు వేయరాదు. ఆ పత్రము శాసనమునకును బీమాకును గూడ రక్ష. ట్యాగు కనబడునట్లు పశువు ఫొటోలు తీసి, బీమావారికి ఫోనున తెలియజేసి, ఆ సమయమును వ్రాసియుంచుకొనవలెను. బీమాపత్రములన్నియు నొక్కరీతిగా నుండవు. ఎవరి పత్రమును వారు ముందుగనే చదివించుకొనుట మేలు.

తుదిపని కళేబరమును పూడ్చుట. మత్తుమందుతో చనిపోయిన పశువు మాంసమును మనుష్యులు తినరాదు, కుక్కలకు గద్దలకు విడువరాదు. ఆ విషము వానిని చంపును. నొప్పికి వేసిన మందులును నిరపాయములు కావు. డైక్లోఫెనాక్ అను మందు వేసిన పశువుల కళేబరములను తిని రాబందులు దేశమంతట నశింపగా, 2006వ సంవత్సరమున ప్రభుత్వము పశువైద్యములో దానిని నిషేధించెను. కావున బావులకు, కాలువలకు దూరముగా, కుక్కలు త్రవ్వలేనంత లోతుగా గోయి తీసి, సున్నము చల్లి పూడ్చవలెను. పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కునుండి, ఆసనమునుండి నల్లని రక్తము కారినచో అది దొమ్మరోగమని అనుమానించి, కోయక, తోలు తీయక, వైద్యునకు తెలుపవలెను.

ఇప్పుడు మన సంఘముల కర్తవ్యము. పశువులను కొనుటకు ఋణమిచ్చుచున్నాము, బీమా చేయించుచున్నాము, పాలు కొనుచున్నాము. పశువు కూలిననాడు మాత్రము రైతును ఒంటరిగా విడిచిపెట్టుచున్నాము. ఇది సహకారమనిపించుకొనదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ క్రింది యంశములను ప్రతి సంఘమును ఆలోచింపవలెనని నా మనవి.

మొదటిది, సంఘముద్వారా చేయించిన బీమాపత్రములలోని ముఖ్యషరతులను తేట తెలుగున వ్రాయించి సంఘపు గోడపై నంటింపవలెను. రెండవది, సమీప పశువైద్యశాల ఫోను సంఖ్యయు, సంచార పశువైద్య వాహనములకై యేర్పడిన 1962 అను సంఖ్యయు, పెద్ద అక్షరములతో పాలకేంద్రమువద్ద వ్రాయింపవలెను. మూడవది, గిడ్డంగిలో నొక దళసరి పట్టా, వెడల్పు పట్టీలు, ఖాళీ గోనెలు, మోయుటకు తగిన బల్ల సిద్ధముగా నుంచవలెను. వీనికగు ఖర్చు ఒక్క పశువు వెలలో స్వల్పభాగము. నాలుగవది, సామాన్యహిత నిధినుండి కొంతసొమ్ము కేటాయించి, బీదసభ్యుల విషయమున వైద్యుని రాకపోకలకు, మందులకు, గోయి త్రవ్వించుటకు వినియోగింపవలెను. అయిదవది, ముగ్గురు సభ్యులను ముందుగనే యెన్నుకొని, కబురు రాగానే వారు ఆ రైతు ప్రక్కన నిలువబడునట్లు చేయవలెను. నిర్ణయము రైతుదియు వైద్యునిదియే. కాని ఆ ఘడియలో రైతునకు ఊరివారి మాటలు, అప్పు భయము, పాపభీతి యను మూడు బరువులు ఒక్కసారి మీదపడును. పదిమందిలో ముగ్గురైనను తనవైపు నున్నారను ధైర్యమున్నచో అతడు తన పశువునకు మంచి యేదో నిదానముగా ఆలోచింపగలడు.

సోదర రైతులారా! పశువు తన బలమును, పాలను, పేడను, తుదకు చర్మమును గూడ మనకిచ్చి పోవుచున్నది. దానికి బదులుగా అది మననుండి కోరునది స్వల్పము. బ్రతికినన్నాళ్లు కడుపునిండ మేత, చచ్చునాడు తక్కువ బాధ. మొదటిదానికై మన సంఘములు కొంత పాటుపడుచున్నవి. రెండవదానికై ఇకనైనను పాటుపడుదుమని ఆశించుచున్నాను. నేను మూడుదినములు ఆలస్యము చేసితిని. ఆ యాలస్యము మరియొక కార్యదర్శి చేయకుండ నుండుటకే యీ నాలుగుమాటలు వ్రాసితిని.

– ఒక పూర్వ కార్యదర్శి